రక్తంలో సోడా లెక్క: బైకార్బొనేట్ అంకె ఏమి చెబుతుంది, ఏమి చెప్పదు

హనుమకొండలో మా వీధి చివర ఉండే పెద్దాయన మొన్నొక సాయంత్రం రక్త పరీక్ష కాగితం పట్టుకుని వచ్చారు. ఆయన కిడ్నీలు నెమ్మదించి మూడేళ్లయింది. కిడ్నీలు వడపోయవలసిన వ్యర్థం క్రియాటినిన్ పెరిగితే ఏమిటో, తగ్గితే ఏమిటో వాళ్లింట్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఈసారి ఆయన వేలు పెట్టి చూపించింది వేరే వరుస: బైకార్బొనేట్ 17. పక్కనే ఉండవలసిన హద్దు అచ్చు వేసి ఉంది, 22 నుంచి 26.

"సార్, మీరు కెమిస్ట్రీ చెప్పినవారు కదా. ఇది మన తినే సోడానే కదా? పొద్దున్నే చెంచాడు సోడా నీళ్లలో కలుపుకుని తాగితే చాలని మా మేనల్లుడు వీడియో పంపాడు" అన్నారు.

ప్రశ్న తెలివితక్కువదేమీ కాదు. చౌరస్తాలో మిరపకాయ బజ్జీల పిండిలో కలిపే తెల్లపొడి సోడియం బైకార్బొనేటే. కిడ్నీ రోగులకు డాక్టర్లు రాసే సోడా మాత్రలోనూ ఉండేది అదే. అయినా ఆ కాగితం మీది 17ను చూసి చెంచా చేతికి తీసుకోవడానికి లేదు. ఎందుకు లేదో చెప్పాలంటే ఆ అంకె ఎక్కడి నుంచి వస్తుందో ముందు చూడాలి.

గ్లాసులో అరచెక్క నిమ్మరసం

ఆయన ముందే ఒక స్టీలు గ్లాసులో అరచెక్క నిమ్మకాయ పిండి, చిటికెడు సోడా వేశాను. బుస్సుమని నురగ అంచు దాకా లేచింది. గ్లాసు చెవి దగ్గర పెట్టుకుంటే సన్నటి చిటపట వినబడుతుంది. కాసేపటికి అంతా అణిగిపోయింది. చుక్క నాలుక మీద వేసుకుంటే పులుపు సగానికి సగం పోయింది.

మన శరీరంలో క్షణక్షణం జరిగేది ఇదే, నురగ కనబడదంతే. పులుపుకు మూలం హైడ్రోజన్ అయాన్. దాన్ని వదిలే పదార్థం ఆమ్లం, పట్టుకునేది క్షారం. బైకార్బొనేట్ హైడ్రోజన్ అయాన్‌ను పట్టుకుని కార్బోనిక్ ఆమ్లంగా మారుతుంది. ఆ ఆమ్లం ఎంతోసేపు నిలవదు, నీరుగా, కార్బన్ డయాక్సైడ్‌గా విడిపోతుంది. గ్లాసులోంచి పోయిన బుడగలు ఆ వాయువే. శరీరంలో అది రక్తంలో కరిగి ఊపిరితిత్తులకు చేరి, ఊపిరితో బయటికి పోతుంది.

పాత తెలుగు పాఠ్యపుస్తకాల్లో ఈ వాయువుకు బొగ్గుపులుసు వాయువు అని పేరు. ఆ పేరును వదులుకుని మనం నష్టపోయామని నాకు అనిపిస్తుంటుంది. నీటిలో కలిస్తే పులుపు పుట్టించే వాయువని పేరులోనే ఉంది, ఈ వ్యాసంలో సగం అందులోనే ఉంది.

పులుపును కొలిచే పీహెచ్ కొలమానాన్ని డెన్మార్క్ రసాయన శాస్త్రవేత్త సోరెన్‌సెన్ 1909లో ప్రవేశపెట్టారు. అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ. మామూలుగా ధమని రక్తం పీహెచ్ 7.35కు, 7.45కు మధ్య ఉంటుంది. మోల్ అంటే అణువులను లెక్కపెట్టే కొలత; మిల్లీమోల్ అందులో వెయ్యో వంతు, నానోమోల్ వంద కోట్లో వంతు. మధ్యన ఉన్న 7.40 దగ్గర లీటరు రక్తంలో హైడ్రోజన్ అయాన్లు 40 నానోమోల్‌లు మాత్రమే. బైకార్బొనేట్ 24 మిల్లీమోల్‌లు. భాగిస్తే ఒక్క హైడ్రోజన్ అయాన్‌కు ఆరు లక్షల బైకార్బొనేట్ అయాన్లు కాపలా ఉన్నట్టు. ఇంత కాపలా ఎందుకంటే, పులుపు కొంచెం మారినా ఎంజైములు, ఇతర ప్రోటీన్లు ఆకారం మార్చుకుంటాయి, గుండె కండరం పట్టు తప్పుతుంది. పీహెచ్ 6.8 కంటే పడిపోయినా, 7.8 దాటినా ప్రాణం నిలవడం కష్టం.

పులుపు తిన్నందువల్ల రక్తం పులవదు

పచ్చిపులుసు తాగితే రక్తంలో ఆమ్లం పెరుగుతుందని చాలామంది అనుకుంటారు. నాలుకకు తెలిసే పులుపు వేరు, శరీరంలో మిగిలే ఆమ్లం వేరు. నిమ్మకాయలోని సిట్రిక్ ఆమ్లాన్ని కణాలు ఇంధనంలా వాడుకుంటాయి. చివరికి మిగిలేది నీరు, కార్బన్ డయాక్సైడ్. వాయువు ఊపిరితో పోతుంది, లెక్క సరి.

ఆమ్లం మిగిల్చేవి నాలుకకు పుల్లగా ఉండవు. జాతరలో తిన్న మేక మాంసమే తీసుకోండి. అందులోని ప్రోటీన్లలో గంధకం ఉన్న అమైనో ఆమ్లాలు కొన్ని ఉంటాయి. అవి ఖర్చయినప్పుడు సల్ఫ్యూరిక్ ఆమ్లం పుడుతుంది. పప్పులో, గుడ్డులో, అన్నంలోని ప్రోటీన్‌లో కూడా అంతో ఇంతో ఇదే కథ. ఇది వాయువుగా మారి ఎగిరిపోయే ఆమ్లం కాదు, కిడ్నీలే బయటికి పంపాలి. మామూలు తిండి తినే పెద్దమనిషిలో ఇలాంటి ఆమ్లం కిలో బరువుకు రోజుకు ఒక మిల్లీమోల్ చొప్పున తయారవుతుంది. అరవై కిలోల మనిషికి అరవై.

దానితో పోలిస్తే కణాలు రోజంతా పుట్టించే కార్బన్ డయాక్సైడ్ 15,000 మిల్లీమోల్‌ల దాకా ఉంటుంది. అంత పెద్ద బరువును ఊపిరితిత్తులు నిమిషాల లెక్కన దించేస్తాయి. కిడ్నీల వాటా చిన్నది, కాని దాన్ని ఇంకెవరూ ఎత్తలేరు.

లవం ఊపిరితిత్తుల చేతిలో, హారం కిడ్నీల చేతిలో

ఈ వాయువుకు, బైకార్బొనేట్‌కు, రక్తపు పులుపుకు ఉన్న సంబంధాన్ని అమెరికా శాస్త్రవేత్త హెండర్సన్ 1908లో సూత్రంగా రాశారు. తరువాత డెన్మార్క్‌కు చెందిన హాసెల్‌బాల్క్ దానిని పీహెచ్ రూపంలోకి మార్చారు. లాగరిథమ్‌లు లేకుండా చెప్పుకుంటే ఇలా ఉంటుంది: కార్బన్ డయాక్సైడ్ పీడనాన్ని 24తో గుణించి, బైకార్బొనేట్‌తో భాగిస్తే హైడ్రోజన్ అయాన్ల అంకె వస్తుంది. వాయు పీడనం మామూలుగా 40 మిల్లీమీటర్ల పాదరసం. అప్పుడు 24 × 40 ÷ 24 = 40. పీహెచ్ 7.40.

ఈ భిన్నంలో లవాన్ని ఊపిరితిత్తులు నడుపుతాయి, హారాన్ని కిడ్నీలు నడుపుతాయి. రక్తం పులుపు పైఅంకె మీద గాని, కిందిఅంకె మీద గాని విడిగా ఆధారపడదు, ఆ రెండింటి నిష్పత్తి మీద ఆధారపడుతుంది. కాగితం మీద బైకార్బొనేట్ ఒక్కటే చూసి మాట్లాడటమంటే భిన్నంలో హారం మాత్రమే చూసి విలువ చెప్పడమే. పదో తరగతి పిల్లవాడు అలా చేస్తే మార్కులు వేయం.

చక్కెర వ్యాధి ఉన్న ఒకరు ఇన్సులిన్ మానేశారనుకుందాం. చక్కెరను వాడుకోలేక శరీరం కొవ్వును కరిగిస్తుంది, కీటో ఆమ్లాలు పోగవుతాయి. వాటిని పట్టుకోవడంలో బైకార్బొనేట్ ఖర్చయి 12కు పడింది. ఊపిరి మామూలుగానే ఉంటే 24 × 40 ÷ 12 = 80. పులుపు రెట్టింపు, పీహెచ్ 7.10. ప్రమాదం. కాని మెదడు ఈ పులుపును పసిగట్టి ఊపిరిని పెంచుతుంది. వాయు పీడనం 26కు దిగుతుంది. ఇప్పుడు 24 × 26 ÷ 12 = 52, పీహెచ్ సుమారు 7.28. జబ్బు నయం కాలేదు, బైకార్బొనేట్ ఒక్క చుక్క పెరగలేదు, అయినా ప్రాణం మీదికి వచ్చింది కొంత వెనక్కి తగ్గింది.

ఈ లోతైన, ఆగని ఊపిరిని జర్మన్ వైద్యుడు కుస్‌మాల్ 1874లో వర్ణించారు. చూసేవాళ్లకు అది ఆయాసంలా కనిపిస్తుంది. ఊపిరితిత్తుల జబ్బేమోనని ఆ డాక్టర్ల దగ్గరికి పరుగెత్తే కుటుంబాలు ఉన్నాయి. ఊపిరితిత్తులు బాగానే ఉన్నాయి, అవి పక్కవాడి పని కూడా చేస్తున్నాయి.

బఫర్ అనే మాట ఇక్కడే వాడతారు. పులుపును కలిపినా పీహెచ్ ఎక్కువగా కదలకుండా చూసే ద్రావణం బఫర్. నిజానికి సీసాలో మూసిపెట్టి చూస్తే రక్తపు పీహెచ్ దగ్గర బైకార్బొనేట్ గొప్ప బఫర్ ఏమీ కాదు. కళాశాల ప్రయోగశాలలో ఆ పీహెచ్‌కు ఎవరైనా దాన్ని ఎంచుకుంటే నేనే వద్దనేవాణ్ణి. శరీరంలో అది అంత బాగా పనిచేయడానికి కారణం సీసాకు మూత లేకపోవడం. పుట్టిన వాయువు ఒకవైపు నుంచి పోతూ ఉంటుంది, ఖర్చయిన బైకార్బొనేట్ ఇంకోవైపు నుంచి వస్తూ ఉంటుంది.

అంకె పెరిగితే క్షారం పెరిగినట్టేనా?

కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ వైపు బీడీలు చుట్టే ఊళ్లు ఎన్నో. ముప్పై, నలభై ఏళ్లు బీడీ తాగిన పెద్దవాళ్లూ ఉంటారు. అలాంటి ఒకరి ఊపిరితిత్తులు దెబ్బతిని వాయువు సరిగా బయటికి పోక, పీడనం 60 దగ్గర నిలిచిపోయిందనుకోండి. కిడ్నీలు ఊరుకుంటే 24 × 60 ÷ 24 = 60, పీహెచ్ 7.22. అవి ఊరుకోవు. కొన్ని రోజుల్లో బైకార్బొనేట్‌ను 32 దాకా పెంచుతాయి. ఇప్పుడు 24 × 60 ÷ 32 = 45, పీహెచ్ 7.35 దగ్గర.

ఈయన కాగితంలో బైకార్బొనేట్ ఎర్ర అక్షరాల్లో ఎక్కువని వస్తుంది. రక్తం మాత్రం క్షారం వైపు లేదు, పులుపు అంచున ఉంది. ఆ 32 రోగం కాదు, రోగానికి కిడ్నీలు ఇచ్చిన జవాబు. దాన్ని తగ్గించాలని చూస్తే మనిషిని నీళ్లలోకి తోసినట్టే.

అదే 32 ఆగకుండా వాంతులైన మనిషిలో వస్తే అర్థం వేరు. అక్కడ పొట్టలోని ఆమ్లం బయటికి పోయి, నిజంగానే రక్తం క్షారం వైపు జరిగింది.

ఒకే 12, రెండు కథలు

తగ్గిన అంకెకూ ఇలాంటి చిక్కే ఉంది. బైకార్బొనేట్ రెండు దారుల్లో తగ్గవచ్చు: కొత్త ఆమ్లం వచ్చి దాన్ని ఖర్చు చేయవచ్చు, లేదా అదే కారిపోవచ్చు. వీటిని విడదీయడానికి వైద్యులు వాడేది అనయాన్ గ్యాప్. సోడియం అంకెలోంచి క్లోరైడ్‌ను, బైకార్బొనేట్‌ను తీసేస్తే మిగిలేదే అది. మామూలుగా 140 − (104 + 24) = 12.

ఇన్సులిన్ మానేసిన మనిషికి 140 − (104 + 12) = 24. గ్యాప్ పెరిగింది. కాగితం మీద పేరు లేని ఆమ్లమేదో లోపల చేరిందని అర్థం.

వానాకాలంలో ఏజెన్సీ ఊళ్లో నీళ్లు కలుషితమై ఒకరికి తీవ్రమైన విరేచనాలు పట్టుకున్నాయనుకుందాం. పేగు రసాల్లో బైకార్బొనేట్ ఎక్కువ, అది నీళ్లతోపాటు పోతుంది. దాని స్థానంలో క్లోరైడ్ పెరుగుతుంది. 140 − (116 + 12) = 12. గ్యాప్ మామూలే. బైకార్బొనేట్ రెండు కాగితాల్లోనూ 12, వైద్యం మాత్రం పూర్తిగా వేరు. ఒకరికి కావలసింది ఇన్సులిన్, సెలైన్, పొటాషియం. ఇంకొకరికి పోయిన నీరు, లవణాలు, క్షారం తిరిగి ఇవ్వాలి.

ఇక్కడ సోడాకు చరిత్రలో మంచి చోటు ఉంది. 1971లో బంగ్లాదేశ్ శరణార్థులతో నిండిన, పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్ శిబిరంలో కలరా వచ్చినప్పుడు, సెలైన్ సీసాలు అయిపోతుంటే డాక్టర్ దిలీప్ మహలనబిస్ బృందం గ్లూకోజు, ఉప్పు, తినే సోడా పొట్లాలు కట్టి నీళ్లలో కలిపి తాగించింది. లీటరుకు 22 గ్రాముల గ్లూకోజు, మూడున్నర గ్రాముల ఉప్పు, రెండున్నర గ్రాముల సోడా. వందలో ముప్పై దాకా ఉన్న మరణాలు నాలుగు లోపుకు వచ్చాయి. 2023లో మరణానంతరం ఆయనకు పద్మవిభూషణ్ ప్రకటించారు. ఇప్పుడు మనం కొనే ఓఆర్‌ఎస్ పొట్లంలో సోడా ఉండదు, సిట్రేట్ ఉంటుంది. ఎండలో, తేమలో సోడా పొట్లాలు పాడవుతుండటంతో 1984లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని మార్చింది. సిట్రేట్ శరీరంలోకి వెళ్లాక బైకార్బొనేట్‌గా మారుతుంది కాబట్టి పని అదే జరుగుతుంది.

కిడ్నీలు రోజుకు వడపోసే సోడా ఎంత?

పెద్దాయన ఎక్కువ ఆశ్చర్యపోయింది ఈ లెక్కకే. మంచి కిడ్నీలు రోజుకు 180 లీటర్ల ద్రవాన్ని వడపోస్తాయి. లీటరుకు 24 చొప్పున 4,320 మిల్లీమోల్‌ల బైకార్బొనేట్ ఆ జల్లెడ దాటుతుంది. తినే సోడాగా తూస్తే 360 గ్రాముల పైమాట. కణాల వెలుపలి ద్రవంలో ఉండే మొత్తం నిల్వ ముప్పై గ్రాముల సోడాకు సమానం. అంటే ఉన్నదంతా రోజుకు పదిసార్లకు పైగా జల్లెడ దాటుతుంది, దాదాపు అణువు కూడా వదలకుండా కిడ్నీ వెనక్కి తీసుకుంటుంది. ఎక్కువ భాగం కిడ్నీలోని సన్నటి గొట్టాల మొదటి మలుపుల్లోనే.

అది పాతది కాపాడుకోవడం. కొత్తది తయారు చేయడం ఇంకో పని. అరవై మిల్లీమోల్‌ల ఆమ్లం రోజూ అరవై మిల్లీమోల్‌ల బైకార్బొనేట్‌ను తినేస్తుంది. కిడ్నీ కణాలు ఆ ఆమ్లాన్ని అమ్మోనియంగా, ఫాస్ఫేటుతో జతచేసి మూత్రంలోకి పంపుతూ, అంతే బైకార్బొనేట్‌ను కొత్తగా రక్తానికి చేరుస్తాయి. అరవై మిల్లీమోల్‌లంటే ఎంత సోడా? అయిదు గ్రాములు. చిన్న చెంచాడు.

మేనల్లుడి వీడియోలోని చెంచా అనుకోకుండా సరిగ్గా ఇక్కడే తగిలింది. కిడ్నీలు బలహీనపడితే రోజూ ఆ చెంచాడులో కొంత లోటు పడుతుంది. ఆ లోటును ఎముకల్లోని క్షార లవణాలు తీరుస్తాయి, కండరాల ప్రోటీన్ కూడా కరుగుతుంది. అందుకే కిడ్నీ రోగుల్లో తక్కువ బైకార్బొనేట్‌ను వైద్యులు పట్టించుకుంటారు.

సోడా ఇవ్వాలా వద్దా: వైద్యుల మధ్య ఉన్న తగవు

లోటు సోడాదే అయితే సోడా ఇస్తే సరి కదా? 2009లో లండన్‌లో 134 మంది కిడ్నీ రోగులపై రెండేళ్లు జరిగిన అధ్యయనంలో సోడా మాత్రలు తీసుకున్నవారి కిడ్నీలు తీసుకోనివారి కంటే నెమ్మదిగా క్షీణించాయి. చాలామంది వైద్యులు దాన్ని ఆధారంగా తీసుకున్నారు. అయితే అందులో పోల్చి చూడటానికి మందు లేని ఉత్తుత్తి మాత్రల వర్గం లేదు, ఎవరు ఏమి తీసుకుంటున్నారో అందరికీ తెలుసు. 2020లో వెలువడిన బ్రిటన్ అధ్యయనం అరవై దాటినవారికి ఉత్తుత్తి మాత్రలతో పోల్చి చూసింది. నడక, లేచి కూర్చునే శక్తి వంటివాటిలో లాభం కనబడలేదు, పైగా ఇబ్బందులు సోడా వర్గంలోనే ఎక్కువ.

అంతర్జాతీయ కిడ్నీ మార్గదర్శక సంస్థ కేడిగో 2012లో బైకార్బొనేట్ 22 కంటే తగ్గితే మాత్రలు సూచించింది. 2024లో ఆ గీతను కిందికి జరిపి, 18 కంటే పడిపోకుండా చూడటాన్ని ఆలోచించమంది. గీత జరగడానికి కారణం సోడా విషమని తేలడం కాదు, లాభం అనుకున్నంత గట్టిగా రుజువు కాలేదు.

సోడాతోపాటు సోడియం వస్తుందన్నది ఇంకో చిక్కు. అయిదు గ్రాముల చెంచాడులో 1.37 గ్రాముల సోడియం ఉంటుంది. మంచి ఆరోగ్యం ఉన్నవారికే రోజు మొత్తం మీద రెండు గ్రాముల లోపు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. రక్తపోటు, కాళ్ల వాపు ఉన్న కిడ్నీ రోగికి ఇది చిన్న సంగతి కాదు. మాత్రకు తూకం ఉంటుంది, చెంచాకు ఉండదు. తలగొట్టి వేసే చెంచా వేరు, గోపురంలా వేసే చెంచా వేరు.

అత్యవసర విభాగంలో తగవు ఇంకా పాతది. ఇన్సులిన్ లేక వచ్చిన కీటో ఆమ్లాలకు సోడా ఇంజెక్షన్ ఇవ్వడం పీహెచ్ 7.0 కంటే పడితే తప్ప ఇప్పుడు సిఫార్సు చేయడం లేదు. ఇన్సులిన్ అందగానే శరీరం ఆ ఆమ్లాలనే ఖర్చు చేసి బైకార్బొనేట్‌ను తిరిగి సంపాదించుకుంటుంది. పైగా గ్లాసులోని నురగను గుర్తు చేసుకోండి. సోడా ఇస్తే వాయువు పుడుతుంది. దాన్ని ఊదేసే శక్తి ఊపిరితిత్తులకు లేకపోతే అది కణాల్లోకి జొరబడి అక్కడ పులుపు పెంచుతుంది. పొటాషియం కూడా పడిపోవచ్చు. ఇంకోవైపు, 2018లో వెలువడిన ఫ్రాన్స్ అధ్యయనంలో తీవ్రమైన ఆమ్ల స్థితి ఉన్నవారందరినీ కలిపి చూస్తే పెద్ద తేడా లేకపోయినా, కిడ్నీలు కూడా దెబ్బతిన్నవారిలో డయాలిసిస్ అవసరం తగ్గింది. అందుకని సోడాను పూర్తిగా కొట్టిపారేసేవారి మాట కూడా నిలబడదు.

రక్తపు పులుపు తగ్గిస్తాయంటూ సీసాల్లో అమ్మే క్షారపు నీళ్ల మీద ఎక్కువ చెప్పనవసరం లేదు. పొట్టలో పీహెచ్ రెండు దరిదాపుల్లో ఉంటుంది. సీసాలోని స్వల్ప క్షారం అక్కడే తీరిపోతుంది. ఎక్కువైనది మూత్రంలో పోతుంది, పీహెచ్ కాగితం ముంచి చూసేవాళ్లకు రంగు మారేది అక్కడే. మూత్రం పీహెచ్ 4.5 నుంచి 8 దాకా ఊగుతుంది, రక్తం కదలకుండా ఉండటానికే అది ఊగుతుంది. పండ్లు, కూరగాయలు ఎక్కువగా తినమనేవారి మాటలో మాత్రం సరుకు ఉంది. వాటిలోని పొటాషియం సిట్రేట్ వంటి లవణాలు బైకార్బొనేట్‌గా మారతాయి. కిడ్నీ రోగికి ఆ పొటాషియమే చిక్కు తెస్తుంది.

మళ్లీ తీయించిన రక్తం

కాగితాన్ని తిప్పి చూస్తే మరో సంగతి కనబడింది. రక్తం తీసింది పొద్దున ఏడింటికి, పరీక్ష జరిగింది మధ్యాహ్నం దాటాక. గొట్టం సగమే నింపారని పెద్దాయన అన్నారు. గొట్టంలో ఖాళీ ఎక్కువై గాలి తగిలితే రక్తంలోని వాయువు ఆ ఖాళీలోకి పోతుంది, బైకార్బొనేట్ అంకె రెండు, మూడు తక్కువగా రావచ్చు.

డాక్టరు ఇంకోసారి తీయించారు. ఈసారి 20 వచ్చింది. పాత గీత ప్రకారం మాత్రలు మొదలుపెట్టాల్సిన అంకె, కొత్త గీత ప్రకారం ఆగి చూడదగిన అంకె. రక్తపోటు ఎక్కువగా ఉంది, సాయంత్రానికి చీలమండల దగ్గర వేలితో నొక్కితే గుంట పడుతోంది. అందుకని మూడు నెలలు మాత్రలు లేకుండా చూద్దామని, ఈలోగా ఆవకాయ తగ్గించమని చెప్పి పంపారు. ఆవకాయ మాట వినగానే పెద్దాయన ముఖం పడిపోయింది. సోడానే నయం కదా సార్, అన్నారు.